కుట్లు వేయకముందే ఎక్స్‌రే ఎందుకు

వినపడనివాళ్లకి లోపలి చెవిలో వైరు పెట్టి, వినికిడి నరానికి కరెంటుతో శబ్దం అందించే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌లో ఆ ఎలక్ట్రోడ్ వైరు పెట్టాక, కుట్లు వేయకముందే థియేటర్‌లో ఒక ఎక్స్‌రే తీసి చూసుకోవడం చాలామంది సర్జన్లకి అలవాటైంది, కొంతమంది మాత్రం తర్వాత తీద్దాంలే అంటారు. నన్నడిగితే ముందే తీయాలి, ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1961లో లాస్ ఏంజిలిస్‌లో చెవి డాక్టర్ విలియం హౌస్ మొదలుపెట్టిన దారిలో వచ్చి 1984లో అమెరికాలో అనుమతి పొందిన పరికరం సింగిల్ ఛానెల్‌ది, అంటే శబ్దమంతా ఒకే దారిలో పోయేది, కాబట్టి వైరు ఒకట్రెండు మిల్లీమీటర్లు అటూఇటూ అయినా పెద్ద తేడా ఉండేది కాదు. 1978లో మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ అనే సర్జన్ మల్టీ ఛానెల్ ఇంప్లాంట్, అంటే వైరు మీద వరసగా చాలా ఎలక్ట్రోడ్లు ఉండి ఒక్కోటి ఒక్కో శబ్దం అందించేది, పెట్టడంతో లెక్క మారిపోయింది. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియాలో మొదటి చుట్టు దగ్గర కీచు శబ్దాలు, లోపలి చివర బొంగురు శబ్దాలు పలుకుతాయి, అంటే ఏ ఎలక్ట్రోడ్ ఎక్కడ కూర్చుందన్నదే వినికిడి.

తర్వాత నరానికి ఇంకా దగ్గరగా ఉండాలని ముందే వంపు తిరిగి ఉండే ఎలక్ట్రోడ్లు వచ్చాయి. వీటిని లోపల సన్న తీగతోనో పైన తొడుగుతోనో నిటారుగా పట్టి ఉంచి, లోపలికి వెళ్లాక వదిలితే అవే చుట్టుకుంటాయి. ఒక్కోసారి కొస వెనక్కి మడతపడిపోతుంది, అప్పుడు కొస దగ్గరి 22వ ఎలక్ట్రోడ్ వచ్చి 18వ దాని పక్కన కూర్చోవచ్చు, రెండు వేరే శబ్దాలు ఒకే చోట తగులుతాయి. సర్జన్‌కి కనిపించేది పైన ద్వారం వరకే, మడత చేతికి తెలియకపోవచ్చు.

థియేటర్‌లోనే ఇంపీడెన్స్ (కరెంటుకి ఎంత అడ్డు ఉందో చూసేది), నరం స్పందన టెస్టులు చేస్తారు కదా అంటారు, చేస్తారు, కానీ అవి వైరు పనిచేస్తోందని, నరం పలుకుతోందని చెప్తాయి, మడత ఉన్నా నార్మల్‌గానే రావచ్చు. పెద్దవాళ్లయితే శబ్దం తేడాగా ఉందని చెప్తారు, పుట్టుకతో వినపడని ఏడాది పాపకి పోల్చుకోడానికి ఏముంటుంది, ఏమని చెప్తుంది?

స్టెన్వర్స్ అనే, తలని పక్కకి తిప్పి చెవి ఎముకని చూసే ఎక్స్‌రే యాంగిల్‌ని కొంచెం మార్చి తీసిన ఫిల్మ్‌లో ఎలక్ట్రోడ్ల చుక్కలన్నీ చుట్టలా వరసగా కనిపించాలి, కొస దగ్గర గుంపుగా ఉంటే అనుమానించాల్సిందే. సీ-ఆర్మ్ (టేబుల్ దగ్గరే కదిలే బొమ్మ చూపించే ఎక్స్‌రే మిషన్) ఉంటే లోపలికి వెళ్తుండగానే చూడొచ్చు. కాక్లియా ఆకారమే సరిగ్గా లేని పిల్లల్లో ఎలక్ట్రోడ్ నరం ఉండే కాలువలోకి జారిపోయే ప్రమాదం ఉంది, అక్కడ ఇది తప్పనిసరి అనే అంటాను. కాక్లియా లోపలున్న గదుల్లో ఎలక్ట్రోడ్ ఏ గదిలో ఉందో మామూలు ఎక్స్‌రే చెప్పలేదు, దానికి కోన్ బీమ్ సీటీ, అంటే త్రీడీలో చూపించే స్కాన్, కావాలి, అందులోనూ లోహం మెరుపు కొంత అడ్డమొస్తుంది.

రేడియేషన్ కొంచెం ఉంటుంది, టైమూ పడుతుంది, నిజమే. కానీ మడత అక్కడే కనిపిస్తే తీసి మళ్లీ పెట్టడం ఆ టేబుల్ మీదే అయిపోతుంది, నెలల తర్వాత బయటపడితే ఆ పాపకి మళ్లీ మత్తు, మళ్లీ ఆపరేషన్.