చర్చికి వెళ్తావు గానీ క్రైస్తవురాలివి కాదంటావేంటి? ఉదార మతంపై అపోహలు - వాస్తవాలు

పోయినసారి కాకినాడ వెళ్ళినప్పుడు మా మేనత్త నన్ను వంటింట్లోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, "నిజం చెప్పవే, మతం పుచ్చుకున్నావా?" అని అడిగింది. నేను ఆదివారం ఆదివారం చర్చికి వెళ్తున్నానని, అక్కడ పిల్లలకు పాఠాలు కూడా చెప్తున్నానని ఎవరో చేరేశారట. రెండూ నిజమే. పన్నెండేళ్ళుగా బోస్టన్‌కి కాస్త దూరంలో ఉన్న ఒక చిన్న ఊళ్ళో, యూనిటేరియన్ యూనివర్సలిస్ట్ అనే ఉదార మతానికి చెందిన సంఘంలో ఆదివారం బడి చూసుకుంటున్నాను, అందులో ఏడేళ్ళ నుంచి జీతానికే. మతం మాత్రం పుచ్చుకోలేదు. ఇది అత్తకి విడమర్చి చెప్పేసరికి పొయ్యి మీద పప్పు అడుగంటింది. అప్పుడు చెప్పినవీ, ఆ తర్వాత చుట్టాల దగ్గర్నుంచి, ఇక్కడి తెలుగువాళ్ళ దగ్గర్నుంచి వచ్చిన ప్రశ్నలకి చెప్పినవీ కలిపి ఇక్కడ రాసేస్తున్నా, ఇకపై ఎవరడిగినా ఇది పంపించొచ్చని.

అపోహ: చర్చి అంటే చర్చే, మిగతాదంతా మాటల గారడీ.

అత్తని తప్పు పట్టలేను. మా భవనం చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. తెల్ల చెక్కగోడలు, పైన కోసుగా గోపురం, లోపల వరసగా బెంచీలు, ఒక పాత ఆర్గన్. కానీ శిలువ ఉండదు. మొదట ఒక గిన్నెలాంటి పాత్రలో దీపం వెలిగిస్తాం, దాన్ని చాలిస్ అంటారు. వీడియో కాల్‌లో అది చూసి మా అమ్మ "మన కుందిలాగే ఉందే" అంది. ఆ గుర్తుకీ మన కుందికీ చుట్టరికం లేదు లెండి. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల బారి నుంచి శరణార్థుల్ని తప్పించడానికి యూనిటేరియన్లు లిస్బన్‌లో ఒక ఆఫీసు నడిపారు. ఆ ఆఫీసు పత్రాల మీద వేసుకోవడానికి ఒక గుర్తు కావాలంటే, తనూ అలా పారిపోయి వచ్చిన చిత్రకారుడే అయిన హాన్స్ డాయిచ్ 1941లో దీన్ని గీశాడు.

దీపం తర్వాత పాట, కాసేపు మౌనం, ఎక్కడినుంచైనా చదివే నాలుగు వాక్యాలు (ఒక వారం ఉపనిషత్తు, ఇంకో వారం ఎవరో పక్షుల శాస్త్రవేత్త రాసుకున్న డైరీ), తర్వాత మినిస్టర్ (అంటే సంఘానికి బోధకుడు) ప్రసంగం, చివర కాఫీ. సభ్యత్వం అంటే ఒక పుస్తకంలో సంతకం పెట్టడం, అంతే. బాప్తిస్మం తీసుకోమనరు, పేరు మార్చుకోమనరు. మా బెంచీల్లో యూదు కుటుంబంలో పుట్టిన ఆయన ఉన్నాడు, బౌద్ధ ధ్యానం చేసుకునే ఇద్దరున్నారు, ఏసుని ప్రాణంగా చూసుకునే ముసలావిడ ఉంది, మేం నాస్తికులం అని చెప్పుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు, నేనున్నాను. నేను వినాయక చవితికి పత్రి దొరక్కపోతే మేపుల్ ఆకులు పెట్టి పూజ చేసుకునే రకం.

అలాగని దీనికీ క్రైస్తవానికీ సంబంధమే లేదంటే అది ఇంకో అబద్ధం. రెండు పాయలూ అందులోంచి చీలినవే. దేవుడు ఒక్కడే, త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని ముగ్గురుగా ఉన్న ఒకే దేవుడు) అనేది లేదన్నవాళ్ళు యూనిటేరియన్లు. దేవుడు ఎవర్నీ శాశ్వతంగా నరకంలో ఉంచడన్నవాళ్ళు యూనివర్సలిస్టులు. అమెరికాలో ఈ రెండు సంస్థలూ 1961లో కలిశాయి. ఈ మాటలు ఇప్పుడు చాలా మామూలుగా అనిపిస్తాయి గానీ, త్రిత్వాన్ని కాదన్నందుకే మైకేల్ సెర్వెటస్‌ని 1553లో జెనీవాలో సజీవంగా కాల్చేశారు. ఆ పని చేసింది పోప్ మనుషులనుకునేరు, పోప్‌తో విడిపోయిన ప్రొటెస్టెంట్లే. మరో పదిహేనేళ్ళకి, 1568లో, ట్రాన్సిల్వేనియాలోని (ఇప్పుడది రొమేనియాలో ఉంది) టోర్డా అనే ఊళ్ళో జాన్ సిగిస్మండ్ రాజుగా ఉన్నప్పుడు ఒక శాసనం చేశారు. విశ్వాసం దేవుడిచ్చేది, దాని కోసం ఎవర్నీ హింసించకూడదు, బోధకుడు తనకు అర్థమైనట్టు చెప్పొచ్చు, ఊరివాళ్ళకి నచ్చిన బోధకుణ్ణి వాళ్ళు పెట్టుకోవచ్చు, ఇదీ దాని సారం. దాని వెనక ఉన్న బోధకుడు ఫెరెన్స్ డేవిడ్. ఆ రాజు పోయాక, అదే డేవిడ్ ఏసుకి ప్రార్థన చెయ్యక్కర్లేదని ఇంకో అడుగు ముందుకేసినందుకు జైల్లో పడి 1579లో అక్కడే చనిపోయాడు. మా ఏడో తరగతి పిల్లలకి ఈ కథ చెప్తే ప్రతి ఏడాదీ ఒకే ప్రశ్న వస్తుంది: "శాసనం ఉంది కదా, మరి ఎలా పెట్టారు జైల్లో?" ఆ ఒక్క ప్రశ్నతో గంట గడిచిపోతుంది.

అపోహ: ఇది అమెరికావాళ్ళ ఫ్యాషన్, మనకు ఏ సంబంధమూ లేదు.

ఇక్కడ నేను అత్తని కాస్త గట్టిగానే పట్టుకున్నాను. ఆవిడ చదివింది పీఆర్ కాలేజీలో. ఆ కాలేజీకి ఒకప్పుడు ప్రిన్సిపాల్‌గా చేసిన రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు బ్రహ్మసమాజం మనిషి. 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించిన వీరేశలింగం గారిదీ ఆ దారే. ఆ బ్రహ్మసమాజం మొదలైన కథలో యూనిటేరియన్లు ఉన్నారు.

1820లో రామ్మోహన్ రాయ్ ఏసు చెప్పిన నీతి బోధల్ని మాత్రం ఏరి, అద్భుతాలూ మహిమలూ వదిలేసి, ఒక పుస్తకం వేశాడు. హిందువు మన ఏసుని మెచ్చుకున్నాడని శ్రీరాంపూర్ మిషనరీలు సంబరపడాల్సింది పోయి మండిపడ్డారు. తమాషా ఏంటంటే, ఇంచుమించు ఆ రోజుల్లోనే అమెరికాలో మాజీ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ కూడా బైబిల్‌ని బ్లేడుతో కోసి, మహిమలు తీసేసి, మిగిలిన ముక్కలు అంటించుకుని తన కోసం ఒక పుస్తకం చేసుకున్నాడు. ఒకరిది ఒకరికి తెలిసి చేసింది కాదు. ఇటు కలకత్తాలో, రాయ్‌తో కలిసి బైబిల్‌లోని కొత్త నిబంధనని బెంగాలీలోకి అనువదిస్తూ కూర్చున్న విలియం ఆడమ్ అనే బాప్టిస్ట్ మిషనరీ, ఆ చర్చల్లో పడి తనే త్రిత్వం మీద నమ్మకం పోగొట్టుకున్నాడు. మతం మార్చడానికి వచ్చినవాడు తనే మారాడన్నమాట. తోటి మిషనరీలు, బైబిల్లో దేవుడి మాట మీరిన మొదటి మనిషి ఆదాముతో ఆయన పేరు కలిపి, "పతనమైన రెండో ఆదాము" అని వెక్కిరించారు. 1821లో ఇద్దరూ కలిసి కలకత్తా యూనిటేరియన్ కమిటీ పెట్టారు. అది ఎక్కువ కాలం నడవలేదు. 1828లో రాయ్ బ్రహ్మసభ మొదలుపెట్టాడు, అదే తర్వాత బ్రహ్మసమాజం. 1833లో ఆయన కన్నుమూసింది ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో, అక్కడి యూనిటేరియన్ మిత్రుల మధ్య.

మేఘాలయ సంగతి చాలామందికి తెలీదు. జోవాయ్‌లో 1887లో హాజోమ్ కిస్సోర్ సింగ్ అనే ఖాసీ యువకుడు సొంతంగా యూనిటేరియన్ సంఘం మొదలుపెట్టాడు. అది ఈరోజుకీ నడుస్తోంది, ఖాసీ భాషలో, ఖాసీ పాటలతో.

అపోహ: పవిత్ర గ్రంథం లేదు కాబట్టి ఇష్టమొచ్చినట్టు నమ్మొచ్చు.

ఇది మావాళ్ళే ఎక్కువ అంటుంటారు, మహా సరదాగా. నాకు చిర్రెత్తే మాట ఇదే. ఇక్కడ ఉమ్మడి నమ్మకం ఉండదు, ఉమ్మడి ఒడంబడిక ఉంటుంది. అంటే ఏం నమ్ముతున్నావు అని అడగరు, మాతో ఎలా ఉంటానని మాటిస్తావు అని అడుగుతారు. ఆ మాటల్ని కూడా తిరగరాస్తూనే ఉంటారు. ఇదివరకు ఏడు సూత్రాలని చెప్పేవాళ్ళం. 2024లో దేశమంతటి ప్రతినిధులు ఓటేసి, ప్రేమని మధ్యలో పెట్టి చుట్టూ ఆరు విలువలు పేర్చారు. నా అల్మరాలో ఏడు సూత్రాల చార్టులు ఒక దొంతర అలాగే పడున్నాయి, పారెయ్యబుద్ధి కాదు.

బడిలో ప్రతి సెప్టెంబర్‌లో పిల్లలు తమ ఒడంబడిక తామే రాసుకుంటారు. ఒక ఏడాది రాసుకున్న దాంట్లో నాకు నచ్చింది: "ఎదుటివాళ్ళ దేవుణ్ణి వెక్కిరించకూడదు, ప్రశ్న అడగొచ్చు." రెండు వారాలు తిరక్కుండానే పరీక్ష వచ్చింది. నేను వినాయకుడి కథ చెప్తుంటే పదేళ్ళ కుర్రాడు చెయ్యెత్తి, "ఏనుగు తల మనిషి ఒంటికి అతికితే ఒళ్ళు ఒప్పుకోదు కదా, మందులేవైనా వాడారా?" అని అడిగాడు. వాళ్ళమ్మ డాక్టరు. పిల్లలంతా నన్నే చూస్తున్నారు, ఇది వెక్కిరింతా ప్రశ్నా అని. ప్రశ్నే అని చెప్పాను. ఇది ఆపరేషన్ గురించి చెప్పే కథ కాదు, తొందరపాటులో తండ్రి చేసిన పని గురించిన కథ అని కూడా చెప్పాను. ఇంటికొచ్చాక మాత్రం, అప్పట్లోనే మనకు ప్లాస్టిక్ సర్జరీ ఉండేదని ఫార్వర్డ్‌లు పంపే మా బాబాయికి ఈ పిల్లాణ్ణి పరిచయం చెయ్యాలనిపించింది.

చదివేదేమీ ఉండదని కూడా అనుకోకండి. 1854 నుంచి వీళ్ళకి బీకన్ ప్రెస్ అని సొంత ప్రచురణ సంస్థ ఉంది. వియత్నాం యుద్ధం మీద ప్రభుత్వం దాచిన పెంటగాన్ పత్రాల్ని 1971లో పుస్తకంగా వేసింది వీళ్ళే, దాంతో ఎఫ్‌బీఐ వాళ్ళు వచ్చి ఈ సంఘాలన్నిటి జాతీయ సంస్థ బ్యాంకు లెక్కలు తిరగేశారు.

అపోహ: సైన్స్ తెలిసినవాళ్ళు మతం జోలికి రారు.

జోసెఫ్ ప్రీస్ట్లీ 1774లో ఆక్సిజన్‌ని వేరుచేశాడని మనం బడిలో చదువుకున్నాం. ఆయన వృత్తి రీత్యా యూనిటేరియన్ మినిస్టర్ అని మన పాఠ్యపుస్తకం చెప్పలేదు. ఆయన మత, రాజకీయ భావాలు నచ్చని అల్లరి మూకలు 1791లో బర్మింగ్‌హామ్‌లో ఆయన ఇల్లూ ప్రయోగశాలా తగలబెట్టాయి, 1794లో కట్టుబట్టలతో అన్నట్టు అమెరికా వచ్చేశాడు. ఇందాకటి సెర్వెటస్ కూడా వైద్యుడే. గుండె నుంచి ఊపిరితిత్తులకి వెళ్ళి వచ్చే రక్తప్రసరణ గురించి ఆయన రాసింది ఒక మత గ్రంథంలో.

ఇది విని మా సంఘంలో కొందరు, చూశారా మాది సైన్స్ మతం అని కాలరెగరేస్తారు. అందుకే ప్రీస్ట్లీ కథ రెండో సగం కూడా చెప్తాను. వస్తువులు మండేటప్పుడు వాటిలోంచి ఫ్లోజిస్టన్ అనేదేదో బయటికి పోతుందని అప్పట్లో ఒక సిద్ధాంతం ఉండేది. ప్రీస్ట్లీ కనుక్కున్న వాయువుతోనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లవోయిజే దాన్ని కొట్టిపారేశాడు. ప్రీస్ట్లీ మాత్రం ఒప్పుకోలేదు, 1804లో పోయేదాకా ఫ్లోజిస్టన్‌నే పట్టుకుని వేలాడాడు. త్రిత్వాన్ని వదిలినవాడు దాన్ని వదల్లేకపోయాడు!

అపోహ: ఇన్ని మతాలు చెప్తే పిల్లలు అయోమయంలో పడతారు.

పడతారు. పద్నాలుగు, పదిహేనేళ్ళ వయసులో ఒక ఏడాదంతా కూర్చోబెట్టి, చివర్లో సంఘం ముందు "ప్రస్తుతానికి నేను నమ్మేది" అని రాసి చదివిస్తాం. మా అమ్మాయి, దేవుడున్నాడని తనకు అనిపించట్లేదని, అమ్మమ్మ దీపం పెట్టేటప్పుడు పక్కన కూర్చోవడం మాత్రం మాననని చదివింది. మా అమ్మకి మొదటి సగం నేను అనువదించి చెప్పలేదు.

తెలుగు తల్లిదండ్రులకి అసలు టెన్షన్ ఇది కాదు, శరీరం, సెక్స్, సంబంధాల గురించి మేం చెప్పే పాఠాలు. వయసుని బట్టి విడివిడిగా ఉంటాయి, శిక్షణ పొందిన ఇద్దరు టీచర్లు తప్పనిసరి, ముందు తల్లిదండ్రులకి పాఠాలన్నీ చూపిస్తాం. మా అమ్మాయి క్లాసు కోసం నేనూ తల్లిగా ఆ మీటింగులో కూర్చున్నాను, గంటన్నరా నా చెప్పులు చూసుకుంటూ.

అపోహ: అక్కడ అందరూ ఉదారులే, తేడాలుండవు.

ఇది నేనే నమ్మిన అపోహ. పంతొమ్మిదో శతాబ్దపు మినిస్టర్ థామస్ స్టార్ కింగ్ అన్నాడని ఒక పాత చమత్కారం చెప్పుకుంటారు: దేవుడు బాగా మంచివాడు, మనల్ని నరకంలో వెయ్యడంటారట యూనివర్సలిస్టులు, మేమే బాగా మంచివాళ్ళం, మమ్మల్ని వెయ్యడంటారట యూనిటేరియన్లు. ఆ రెండో జబ్బు ఇప్పటికీ ఉంది. నల్లవాళ్ళ పౌరహక్కుల కోసం అలబామాలోని సెల్మా వెళ్ళిన మినిస్టర్ జేమ్స్ రీబ్‌ని 1965లో కొట్టి చంపారు, ఆయన పేరు చెప్పుకుంటాం. కానీ ఆ తర్వాత నల్లజాతి సభ్యులకి మాటిచ్చిన నిధుల మీద గొడవై, 1969లో బోస్టన్ మహాసభ నుంచి చాలామంది లేచి వెళ్ళిపోయారు. ఆ సంగతి చెప్పుకోవడం తక్కువ. ఇప్పటికీ ఎక్కువమంది తెల్లవాళ్ళే, బాగా చదువుకున్నవాళ్ళే. నా మొదటి మూడేళ్ళూ దీపావళికి నేను, మిగతా యాభై ఒక్క ఆదివారాలూ వాళ్ళు అన్నట్టు నడిచింది. సమోసాలు చేసుకుని వెళ్ళడం, "మీ సంప్రదాయం ఎంత గొప్పది" అనిపించుకోవడం. నాలుగో ఏడాది దీపావళికి సమోసాలు చెయ్యకుండా కులం మీద మాట్లాడతానన్నాను. కమిటీలో రెండు వారాలు సణిగారు, చివరికి ఒప్పుకున్నారు. ఆ రోజు జనం తక్కువ.

అపోహ: ఒకసారి వెళ్తే వెంటపడి చేర్చుకుంటారు.

వెంటపడరు సరికదా, పట్టించుకోరని మాకు చెడ్డపేరు. నేను మొదటిసారి ఒక అక్టోబర్‌లో వెళ్ళి వెనక బెంచీలో కూర్చుని వచ్చేశాను. ఎవరూ ఫోన్ చెయ్యలేదు, ఉత్తరం ముక్క లేదు. మళ్ళీ ఫిబ్రవరిలో, మంచు పడుతుంటే వెళ్ళాను. తలుపు దగ్గర కోట్లు అందుకుంటున్న ముసలాయన నన్ను చూసి, "ఆ రోజు మీరు బెంచీ మీద గొడుగు మర్చిపోయారు" అని, బీరువాలోంచి తీసి ఇచ్చాడు.