గాదె నిండాక కొవ్వు ఎక్కడికి పోతుంది?

"ఒళ్లంతా తగ్గక్కర్లేదు, పొట్టలో కొవ్వొక్కటే కరిగించే పదార్థం ఏమన్నా ఉందా?" అని ఒక పాఠకుడు అడిగారు. ఫలానా పీచు పొడి, ఫలానా బ్యాక్టీరియా కలిపిన పెరుగు, సీఎల్ఏ (కాంజుగేటెడ్ లినోలిక్ ఆసిడ్ అనే కొవ్వు ఆమ్లం) మాత్రలు అంటూ జాబితా కూడా జతచేశారు. జాబితా దగ్గరికి తప్పకుండా వస్తాను. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. అసలు కొవ్వు అక్కడిదాకా ఎందుకు వెళ్లింది?

2004లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో శామ్యూల్ క్లైన్ బృందం ఊబకాయం ఉన్న 15 మంది మహిళలకు లైపోసక్షన్ చేయించి చూసింది. పొట్ట చర్మం కింద నుంచి సగటున 9, 10 కిలోల కొవ్వు లాగేశారు. పది, పన్నెండు వారాల తర్వాత పరీక్షిస్తే ఇన్సులిన్ పనితీరు, బీపీ, ట్రైగ్లిజరైడ్లు అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. దొంగ లోపలుంటే బయట వెతికి లాభమేమిటి అనుకున్నారు చాలామంది. లోపల అంటే పేగుల ముందు వేలాడే ఆమెంటం అనే కొవ్వు పొర. 2010లో అదే బృందం, బరువు తగ్గించే సర్జరీ చేస్తూ కొందరికి ఆ పొరను కూడా కోసి తీసేసింది. తీయనివాళ్ల కంటే తీసినవాళ్లకు ఒరిగిందేమీ లేదు. పైది తీసినా అంతే, లోపలిది తీసినా అంతే! ఈ రెండు ప్రయోగాల్నీ పక్కపక్కన పెట్టి చూడటం నాకు మహా ఇష్టం. కొవ్వు దానంతట అది నేరస్తుడు కాదేమో అన్న అనుమానం అక్కడే మొదలవుతుంది.

చర్మం కింది కొవ్వును ఒక గాదె అనుకోండి. తొడలు, పిరుదులు, పొట్ట పైపొర అన్నీ దాని భాగాలే. తిన్నదాంట్లో ఖర్చు కాని గింజలు అందులో పడాలి. గాదె నిండుగా ఉండటం జబ్బు కాదు, అదున్నదే అందుకు. 2007లో డల్లాస్‌లో ఫిలిప్ షెరర్ ప్రయోగశాల ఒక వింత ఎలుకను తయారుచేసింది. తిన్నది చాలని మెదడుకు చెప్పే లెప్టిన్ అనే హార్మోన్ పుట్టుకతోనే లేని తిండిపోతు ఎలుక అది. దానికి కొవ్వు కణాల హార్మోన్ అయిన అడిపోనెక్టిన్ ఎక్కువగా తయారయ్యేలా జన్యువు మార్చారు. అది మామూలు లావు ఎలుకల్ని మించి ఊరిపోయింది. షుగర్ మాత్రం అదుపులోకి వచ్చింది, కాలేయంలో కొవ్వు తగ్గింది. గాదె పెద్దదైంది, ఇల్లు శుభ్రంగా ఉంది.

అసలు గాదే లేకపోతే? లైపోడిస్ట్రోఫీ అనే అరుదైన జబ్బులో చర్మం కింద కొవ్వు ఉండదు. నరాలు, కండలు తేలి కనపడే ఈ మనుషులకు తీవ్రమైన మధుమేహం, కొవ్వు పట్టిన కాలేయం, ఆకాశాన్నంటే ట్రైగ్లిజరైడ్లు. గింజలు వస్తూనే ఉంటాయి, పోయడానికి చోటుండదు. 2000లో కొవ్వు లేని ఎలుకల చర్మం కింద ఆరోగ్యమైన ఎలుక కొవ్వును అతికిస్తే షుగర్ దిగివచ్చింది. కొవ్వు అతికిస్తే మధుమేహం తగ్గడమేమిటని తల పట్టుకునేవాళ్లకు గాదె గుర్తుచేస్తే చాలు.

బడిపుస్తకాలు కొవ్వుకిచ్చే మర్యాద రెండు వాక్యాలే: చలి నుంచి కాపాడును, అవయవములకు దెబ్బ తగలనీయదు. అది హార్మోన్లు విడుదల చేసే అవయవమని 1994లో లెప్టిన్ దొరికినప్పటి నుంచీ తెలుసు. పిల్లలకు ఇంకా చలి, దెబ్బల పాఠమే చెబుతున్నాం.

ఇక గాదెలో ఎన్ని అరలు, అంటే ఎన్ని కొవ్వు కణాలు ఉంటాయి? కిర్‌స్టీ స్పాల్డింగ్ బృందం 2008లో దీన్ని లెక్కగట్టిన తీరు చదివితే ఒళ్లు జలదరిస్తుంది. 1950ల నుంచి 1963 దాకా గాల్లో పేల్చిన అణుబాంబుల వల్ల వాతావరణంలో కార్బన్-14 ఒక్కసారిగా పెరిగి, తర్వాత ఏటా తగ్గుతూ వచ్చింది. కణం పుట్టిన ఏడాది గాల్లో ఎంత కార్బన్-14 ఉందో అంతే దాని డీఎన్ఏలో చిక్కుకుంటుంది. అంటే మన కొవ్వు కణాల మీద పుట్టినతేదీ అచ్చై ఉంది! చదివి చూస్తే, ఏటా పదో వంతు కణాలు చచ్చి కొత్తవి పుడుతున్నాయి. మొత్తం సంఖ్య మాత్రం ఇరవయ్యేళ్లు దాటాక దాదాపు మారడం లేదు. సర్జరీతో బరువు బాగా తగ్గినవాళ్లలోనూ కణాలు చిన్నవయ్యాయే తప్ప తగ్గలేదు.

కొత్త అరలు పెద్దగా రాకపోతే ఉన్నవాటిలోనే కుక్కాలి. కణం ఉబ్బుతుంది. ఉబ్బిన కణానికి ఆక్సిజన్ సరిగా అందదు, కొన్ని చచ్చిపోతాయి. చచ్చినదాని చుట్టూ, చెత్తను మింగే రోగనిరోధక కణాలైన మాక్రోఫేజ్‌లు వలయంలా మూగుతాయి. టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-6 వంటి వాపు సంకేతాలు వెలువడతాయి. "తాళం వేసి ఉంచు" అన్న ఇన్సులిన్ ఆజ్ఞను కణం లెక్కచేయదు. కొవ్వును విడగొట్టే ఏటీజీఎల్, హెచ్ఎస్ఎల్ ఎంజైములు ఆగవు, ఫ్యాటీ ఆసిడ్లు రక్తంలోకి కారుతుంటాయి. కారిన గింజలు ఎక్కడ చోటుంటే అక్కడ చేరతాయి: పేగుల చుట్టూ, కాలేయంలో, కండల్లో, పాంక్రియాస్‌లో. కాలేయంలో డయాసైల్‌గ్లిసరాల్ అనే కొవ్వు పదార్థం పోగుపడితే ప్రోటీన్ కైనేజ్-సి ఎప్సిలాన్ అనే ఎంజైము మేల్కొని ఇన్సులిన్ రిసెప్టర్‌ను అడ్డుకుంటుంది. ఇక కాలేయం అవసరం లేకున్నా గ్లూకోజ్ తయారుచేస్తూనే ఉంటుంది.

పేగుల చుట్టూ కొవ్వు నుంచి వచ్చే రక్తం పోర్టల్ సిర గుండా నేరుగా కాలేయానికే వెళ్తుంది. నేరమంతా దానిదేనని ఒక కాలంలో నమ్మింది అందుకే. మైకేల్ జెన్సెన్ బృందం 2004లో కొలిచి చూస్తే, పోర్టల్ సిరలోని ఫ్యాటీ ఆసిడ్లలో లోపలి కొవ్వు వాటా సన్నటివాళ్లలో 5 నుంచి 10 శాతం, ఊబకాయుల్లో 20 నుంచి 25 శాతం. మిగతాదంతా పైకొవ్వు నుంచే! అందుకే నేననేది, లోపలి కొవ్వు దోషే కాని పెద్ద దోషి కాదు. గాదె పొర్లిందని చెప్పే సాక్షి అది. పయోగ్లిటజోన్ అనే మధుమేహం మందు కొత్త కొవ్వు కణాల్ని పుట్టిస్తుంది. అది వాడితే బరువు పెరిగి షుగర్ తగ్గుతుంది.

ఇప్పుడు పాఠకుడి జాబితా. పొట్టకు బెల్టు బిగించి చెమట పట్టించడం గురించి ఒక్క మాట చాలు: పోయేది నీళ్లూ ఉప్పే.

సీఎల్ఏ ఎలుకల కొవ్వును నిజంగానే కరిగించింది. సంబరపడేలోపే వాటి కాలేయం కొవ్వుతో ఉబ్బిందని తేలింది. గాదె పగలగొడితే గింజలు పోవు కదా, నట్టింట్లో పడతాయి. 2002లో స్వీడన్‌లో పొట్ట ఉన్న మగవాళ్లకు సీఎల్ఏలోని ఒక రకాన్ని 12 వారాలిస్తే ఇన్సులిన్ నిరోధం పెరిగింది. దీన్ని డబ్బు పెట్టి కొనమని ఎవరికీ చెప్పను.

గాసెరి జాతి లాక్టోబాసిల్లస్ కలిపిన పులిసిన పాలను జపాన్‌లో 87 మంది మీద 12 వారాలు పరీక్షించి 2010లో ఫలితం ప్రకటించారు. లోపలి కొవ్వు 4.6 శాతం తగ్గింది. జపాన్‌లో బొడ్డు దగ్గర తీసిన స్కాన్‌లో 100 చదరపు సెంటీమీటర్లు దాటితే లోపలి కొవ్వు ఎక్కువున్నట్టు లెక్క. అంత ఉన్నవాళ్లకు అది 95 దాకా వస్తుందన్నమాట. పరిశోధకుల్లో ఆ పాల కంపెనీవాళ్లే ఉన్నారన్నదీ గుర్తుంచుకోవాలి.

పీచు సంగతి మెరుగు. పేగు బ్యాక్టీరియా కరిగే పీచును పులియబెట్టి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలుగా చేస్తాయి. ప్రొపియోనేట్ పేగు గోడలోని ఎల్-కణాల్ని తట్టి జీఎల్‌పీ-1, పీవైవై హార్మోన్లు విడుదల చేయిస్తుంది, ఆకలి తగ్గుతుంది. ఇన్యులిన్‌కు (ఇదొక కరిగే పీచు) ప్రొపియోనేట్ అతికించిన పదార్థాన్ని లండన్‌లో రోజుకు 10 గ్రాముల చొప్పున 24 వారాలిచ్చారు. 2015లో వచ్చిన ఆ ఫలితాల్లో ఉన్న కొవ్వు కరిగిపోలేదు, కొత్తగా బరువు పెరగడం, లోపలికి చేరడం తగ్గాయి. గాదెకు వచ్చే బళ్లను తగ్గించడమే ఇది.

బండిలో ఏం వస్తుందన్నదీ ముఖ్యమే. స్వీడన్‌లో 39 మంది యువతకు ఏడు వారాలు అదనంగా మఫిన్లు తినిపించారు, కొందరికి పామాయిల్‌తో, కొందరికి పొద్దుతిరుగుడు నూనెతో. ఇరువర్గాలూ సగటున 1.6 కిలోలే పెరిగారు, కానీ పామాయిల్ వాళ్లకు కాలేయంలో, పేగుల చుట్టూ ఎక్కువ చేరింది.

లోపలి కొవ్వును తగ్గిస్తుందని గట్టిగా చెప్పగలిగింది వ్యాయామం. డెన్మార్క్‌లో 2019లో వెలువడిన ప్రయోగంలో 12 వారాలు సైకిల్ తొక్కినవాళ్లకు అది తగ్గింది. ఐఎల్-6ను అడ్డుకునే టోసిలిజుమాబ్ అనే కీళ్లవాతం మందు ఇచ్చి తొక్కించినవాళ్లకు మాత్రం తగ్గలేదు. ఇందాక వాపు సంకేతమని తిట్టిన ఐఎల్-6, పనిచేసే కండ నుంచి విడుదలైతే లోపలి కొవ్వును ఖర్చు చేయిస్తోంది. దాన్ని పొడి చేసి డబ్బాలో అమ్మడం కుదరదు. అది ప్రోటీన్, మింగితే అరిగిపోతుంది.