ఏటి రాళ్లకు మెరుగు పెట్టడం గురించి పిల్లలకు ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు,

అమ్మమ్మ ఆశీస్సులు.

గోదావరి ఒడ్డున తడిగా ఉన్నప్పుడు ఎర్రగా, తేనెరంగులో నిగనిగలాడిన రాళ్లు ఇంటికి తెచ్చి ఆరబెట్టగానే ఎందుకు మాసిపోయాయని మొన్న ఫోన్‌లో అడిగారు. రాళ్లకు మెరుగు పెట్టే మెషిన్ కొనిపెడతానని నాన్న మాట ఇచ్చాడని కూడా చెప్పారు. నిజానికి ఈ రెండూ ఒకే సంగతి. ఫోన్‌లో చెబితే సగం చెవిన పడి సగం గాలికి పోతుంది కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మెషిన్ వచ్చాక ఈ ఉత్తరం దాని పక్కనే పెట్టుకోండి.

ముందు మీ ప్రశ్న. రంగు ఎక్కడికీ పోలేదు, రాయిలోనే ఉంది. ఏటి రాయి చేతికి నున్నగా తగిలినా, భూతద్దం పెట్టి చూస్తే ఒళ్లంతా గుంటలు, గీతలు, దెబ్బల మచ్చలే. వెలుతురు వాటి మీద పడి నలుదిక్కులా చెదిరిపోతుంది. అలా చెదిరిన తెల్లటి వెలుగు లోపలి రంగును కప్పేస్తుంది. రాయిని తడిపితే నీళ్లు ఆ గుంటల్లో నిండి పైన చదునైన పొర ఏర్పడుతుంది. వెలుతురు చెదరకుండా లోపలికి వెళ్లి, రంగు పట్టుకుని బయటికి వస్తుంది. నీళ్లు కాసేపు చేసే ఈ పనిని ఎప్పటికీ ఉండేలా చేయడమే మెరుగు పెట్టడం. వార్నిష్ పూయం, నూనె రాయం. గుంటలున్న పై పొరనే అరగదీసేస్తాం.

ఎలా అరగదీస్తాం? గీతలు గీసే! ఇది బాగా గుర్తుపెట్టుకోండి, మిగతా పనంతా దీని మీదే నడుస్తుంది. పెద్ద గీతల్ని చిన్న గీతలతో చెరిపేస్తాం. వాటిని ఇంకా సన్నటి గీతలతో. చివరికి కంటికి ఆననంత సన్నటివి మిగులుతాయి, అప్పుడు రాయి మెరుస్తుంది. నది కూడా రాళ్లను దొర్లించి దొర్లించి అరగదీస్తుంది కానీ, దాని దగ్గర ఉన్నది ఇసుకే. ఎన్ని వేల ఏళ్లయినా అదే గరుకు ఇసుకతో రుద్దుతుంది, వరద వచ్చిన ప్రతిసారీ రాయిని రాయికేసి కొడుతుంది. అందుకే ఏటి రాయి నునుపెక్కుతుంది గానీ మెరవదు.

ఇక రాళ్ల సంగతి. ఈ హాబీలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట ఇప్పటి మహారాష్ట్ర, దాని చుట్టుపక్కల ప్రాంతాల్లో నేల చీలి లావా పొరలు పొరలుగా పారింది. మన వికారాబాద్, జహీరాబాద్ వైపు కనిపించే నల్లరాయి ఆ లావాదే. అక్కడి నల్లరేగడి ఆ రాయి చివికి అయిన మట్టే. రాజమండ్రి దగ్గరి నల్లరాయి కూడా అంత దూరం నుంచే, దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిందని చాలామంది భూగర్భ శాస్త్రవేత్తలు అంటారు. లావా చల్లారుతున్నప్పుడు అందులో చిక్కుకున్న ఆవిరి బుడగలు ఖాళీలుగా మిగిలిపోయాయి. సిలికా కరిగిన నీళ్లు ఆ ఖాళీల్లోకి ఊరి, గోడల వెంట పొర మీద పొర పేర్చుతూ పోయాయి. అలా తయారైందే అగేట్. దాన్ని కోసి చూస్తే కనిపించే చారలు ఆ పొరలే. నల్లరాయి చివికి మట్టి అయిపోతుంది గానీ అగేట్ అంత సులువుగా లొంగదు. వానకు వాగులో పడి, వాగు నుంచి ఏటిలోకి చేరుతుంది. నాసిక్ దగ్గర పుట్టే గోదావరి, మహాబలేశ్వర్‌లో పుట్టే కృష్ణ రెండూ ఆ లావా నేల మీదుగానే మన దగ్గరికి వస్తాయి. మీకు దొరికిన ఆ తేనెరంగు రాళ్లు అంత దూరం నడిచి వచ్చి ఉండొచ్చు.

ప్రతిసారీ ఏటి ఒడ్డుకు వెళ్లక్కర్లేదు. ఇల్లు కడుతున్న చోట ఏటి ఇసుక జల్లించాక జల్లెడలో మిగిలే గులకరాళ్లను మేస్త్రీ ఓ పక్కకు పోస్తాడు. అడిగి ఆ కుప్పలో వెతకండి. రోబో శాండ్ వాడే చోట మాత్రం ఏమీ దొరకదు, అది క్రషర్‌లో నలగ్గొట్టిన పొడి. ఏటికి వెళితే పెద్దవాళ్లు వెంట లేకుండా నీళ్లలో దిగొద్దు. ఇసుక తవ్విన గుంతలు పైకి కనిపించవు.

ఒక్క విషయంలో నా మాట వినాలి. చెకుముకి రాయి ముక్కకు అంచు వెంట వరసగా పెచ్చులు ఊడగొట్టినట్టు కనిపిస్తే, దాన్ని మెషిన్‌లో వేయకండి. అది ఆదిమానవుడు చెక్కుకున్న పనిముట్టు కావచ్చు. 1863లో మద్రాసు దగ్గర పల్లవరంలో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ అలాంటి రాతి పనిముట్టును గుర్తించాకే మన దేశపు పాతరాతియుగం గురించి లోకానికి తెలిసింది. ఆయన తర్వాత కర్నూలు వైపు గుహల్లో కూడా తవ్వించాడు. మన ప్రాంతంలో ఇవి తక్కువేం కాదు. అలాంటిది దొరికితే ఎక్కడ దొరికిందో రాసిపెట్టి ఫోటో తీయండి, మీ సోషల్ టీచర్‌కు చూపించండి. డ్రమ్ములో పడి అంచు అరిగిపోతే అది చెప్పగలిగిన కథంతా పోయినట్టే.

ఏరిన రాళ్లన్నీ కలిపి వేయకూడదు. మెత్తటిది గట్టిదాని పక్కన పడితే అరిగి మాయమైపోతుంది. 1812లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్ ఖనిజాల గట్టిదనానికి 1 నుంచి 10 దాకా ఒక వరస పెట్టాడు. బలపపు రాయి 1, వజ్రం 10. ఈ లెక్కలో మన గోరు సుమారు 2.5, కిటికీ అద్దం 5.5. పలుగురాయి 7. అగేట్, జాస్పర్, చెకుముకి ఆ కుటుంబానివే, 6.5కీ 7కీ మధ్య ఉంటాయి కాబట్టి కలిసి తిరగొచ్చు. ఇంట్లో పరీక్ష తేలికే. పాత గాజు సీసాను బల్ల మీద పడుకోబెట్టి, నాన్న పట్టుకోగా రాయి మూలతో గట్టిగా గీయండి. గీత పడి, వేలితో రుద్దినా పోకపోతే ఆ రాయి పనికొస్తుంది. కడప, తాండూరు నాపరాళ్లు సున్నపురాయి జాతివి, గట్టిదనం 3 దగ్గరే ఉంటుంది. నాలుగు చుక్కలు నిమ్మరసం వేస్తే సన్నగా నురగ వస్తుంది, అలా పట్టేయొచ్చు. గ్రానైట్ కూడా ఇప్పుడే వద్దు, అందులో అభ్రకం రేకులు ఊడి గుంటలు పడతాయి.

పగుళ్లు చూడటానికి ఒక చిట్కా ఉంది. రాళ్లన్నీ తడిపి గుడ్డ మీద పరిచి ఆరనివ్వండి. ఒళ్లంతా ఆరాక కూడా ఒకచోట వెంట్రుకలాంటి నల్లటి తడిగీత మిగిలితే అక్కడ పగులు ఉన్నట్టు. అలాంటి రాయి డ్రమ్ములో విరిగి, ఆ పదును అంచులతో మిగతావాటిని గీకేస్తుంది. దాన్ని పక్కన పెట్టేయండి.

మెషిన్‌లో పెద్ద మాయ ఏమీ లేదు. రబ్బరు డ్రమ్ము రెండు కడ్డీల మీద పడుకుని ఉంటుంది, చిన్న మోటారు కడ్డీలను తిప్పుతుంది, డ్రమ్ము దొర్లుతుంది. లోపల రాళ్లు గోడ వెంట పైకెక్కి, ఒకదాని మీద ఒకటి జారుతూ కిందికి వస్తాయి. ఆ జారుడులోనే పనంతా జరుగుతుంది. అందుకే డ్రమ్ము మూడింట రెండు వంతులకు తగ్గకుండా, ముప్పావుకు మించకుండా నింపాలి. తక్కువైతే రాళ్లు జారవు, ఎత్తు నుంచి పడి దెబ్బలు తింటాయి. ఎక్కువైతే కదలవు. శనగగింజంత రాళ్లూ ఉండాలి, బొటనవేలంతవీ ఉండాలి. చిన్నవి పెద్దవాటి సందుల్లో దూరి అన్ని మూలలా రుద్దుతాయి. పెద్దవే ఉంటే పింగాణీ గుళికలు కలపండి. నీళ్లు పై వరస రాళ్లు మునిగీ మునగనట్టు ఉండాలి. చెవి పెట్టి వినండి, ఎడతెగని గరగర అయితే సరిగ్గా తిరుగుతున్నట్టు, టకటక దెబ్బలు వినిపిస్తే ఆపి ఇంకొన్ని రాళ్లు వేయాలి.

మొదటి విడతకు 60/90 నంబరు సిలికాన్ కార్బైడ్ పొడి, కిలో రాళ్లకు నాలుగు పెద్ద చెంచాలు. జల్లెడలో అంగుళానికి ఎన్ని కన్నాలో ఆ లెక్కే ఈ నంబరు. అంటే నంబరు పెరిగేకొద్దీ పొడి మెత్తన. 60 నంబరు గింజ మిల్లీమీటరులో నాలుగో వంతు ఉంటుంది. దీని గట్టిదనం 9 దాటుతుంది, పలుగురాయిని సులువుగా కోసేస్తుంది. కోస్తూ కోస్తూ తానూ విరిగి మెత్తబడుతుంది, వారం తిరిగేసరికి దానిలో పస ఉండదు. అప్పుడు డ్రమ్ము విప్పి, కడిగి, రాళ్లను ఒక్కొక్కటే ఆరబెట్టి చూడండి. ఇంకా గుంటలుంటే మళ్లీ కొత్త 60/90 వేసి ఇంకో వారం తిప్పాలి. కొన్ని రాళ్లకు ఒక వారం చాలు, కొన్నిటికి నాలుగు వారాలు పడుతుంది. రాయి బరువులో బాగానే తగ్గుతుంది, బాధపడకండి.

తొందరపడేవాళ్ల పని చెడేది ఇక్కడే. ఇక్కడ మిగిలిన గుంటను తర్వాతి పొడులు పూడ్చలేవు, వాటికి అంత కోసే శక్తి లేదు. గుంట అంచులు కూడా మెరిసి, అది ఇంకా స్పష్టంగా కనబడుతుంది. తయారైన వాటిని తీసి డబ్బాలో దాచండి, కానివాటిని మళ్లీ తిప్పండి. డబ్బా డ్రమ్ముకు సరిపడా నిండాకే రెండో విడత.

తర్వాత 120/220తో ఒక వారం, 500తో ఒక వారం, ఆఖరున అల్యూమినియం ఆక్సైడ్ మెరుగుపొడితో ఒక వారం. వీటి గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. చెప్పాల్సిందల్లా మధ్యలో కడగడం గురించే. మెరుగు విడతలో ఒక్క 60 నంబరు గింజ మిగిలినా చాలు, వారం రోజులు అది అన్ని రాళ్ల మీదా గీతలు పెడుతూనే ఉంటుంది. రాళ్లు, డ్రమ్ము లోపలి గాడులు, మూత అంచు, మీ గోళ్లు, అన్నీ పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, బియ్యం కడిగినట్టు నీళ్లు తేటబడేదాకా కడగండి. వీలైతే మెరుగుపొడికి వేరే డ్రమ్ము ఉంచండి. చివర్లో ఒంటి సబ్బు తురుము వేసి ఓ గంట తిప్పితే అంటుకున్న పొడి వదులుతుంది. పనైందో లేదో తెలియాలంటే రాయిని ఆరబెట్టి ట్యూబ్‌లైట్ కింద పట్టుకోండి. దాని ఒంటి మీద ట్యూబ్‌లైట్ గీత అంచులు స్పష్టంగా కనబడితే అయినట్టే. మసకగా ఉంటే మెరుగు ఇంకా చాలలేదు, లేదా ముందు విడతలో కొదవ ఉంది.

కరెంటు కాసేపు పోతే టెన్షన్ అక్కర్లేదు, వచ్చాక మళ్లీ తిరుగుతుంది. ఊరికి వెళుతూ రాళ్లు లోపలే ఉంచి ఆపేసి మాత్రం వెళ్లొద్దు, లోపలి బురద గట్టిపడిపోతుంది. ఆ బురదను సింకులో, బాత్రూంలో అసలు పోయకూడదు, పైపులో పేరుకుని మళ్లీ కదలదు. పాత బకెట్‌లో పోసి తేర్చి, పై నీళ్లు పెరట్లో పారబోసి, అడుగుది తడిగానే కవరులో కట్టి చెత్తలో వేయండి. రోజుకొకసారి డ్రమ్ము ఆపి మూత వదులు చేసి బిగించండి, కొన్ని రాళ్లతో లోపల గాలి ఒత్తిడి పెరుగుతుంది. మోటారు వేడెక్కుతుంది కనుక గాలి ఆడే వసారాలో, కింద రబ్బరు చాప వేసి పెట్టండి.

ఈ డ్రమ్ము కనిపెట్టకముందు ఏం చేసేవాళ్లో తెలుసా? గుజరాత్‌లో ఖంభాత్ అనే ఊరుంది. రతన్‌పూర్ గనుల అగేట్‌తో అక్కడ తరతరాలుగా పూసలు చేస్తున్నారు. పూసలను కురువిందం పొడి, నీళ్లతో కలిపి తోలు సంచిలో కట్టి, ఇద్దరు మనుషులు చెరోవైపు కూర్చుని రోజుల తరబడి అటూ ఇటూ దొర్లించేవాళ్లు. మీ మెషిన్ చేసేదీ అదే. మామూలు అగేట్‌ను వేడి చేస్తే అందులోని ఇనుము వల్ల ఎర్రబడుతుంది. ఆ ఎర్రరాయి పూసలను హరప్పా కాలంలోనే లోథాల్‌లో తయారు చేశారు. ఇరాక్‌లోని ఊర్ నగరపు రాజుల సమాధుల్లో సింధు లోయ నుంచి వెళ్లిన ఎర్రపూసలు బయటపడ్డాయి.

అదే ఖంభాత్‌లో పూసలు అరగదీసే ఎంతోమంది సిలికోసిస్‌తో ఊపిరితిత్తులు పాడై చనిపోయారు. పొడి రాయిని సానపడితే లేచే ధూళి వల్ల వచ్చే జబ్బు అది. లోపలికి పోయిన ధూళి బయటికి రాదు, ఆ జబ్బుకు నయమయ్యే మందు లేదు. వాళ్లు చేసిన పూసలు మెడలో వేసుకున్నవాళ్లకు ఈ సంగతి తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. మీ డ్రమ్ములో నీళ్లు ఉన్నంతసేపు భయం లేదు. కింద చిందిన బురద ఆరకముందే తడిగుడ్డతో తుడిచేయండి. ఎండిన దాన్ని ఊడ్చడం, ఊదడం చేయకండి. పొడి రాయిని గ్రైండర్‌కు పెట్టడం మీ వయసులో వద్దే వద్దు. రాయి పగలగొట్టాలంటే నాన్న గోనెసంచిలో చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని కొడతాడు. మీరు దూరంగా నిలబడండి.

మెషిన్ వచ్చేలోపు చేతులు ఊరికే ఉంచలేమంటారా? నేను పక్కకు పెట్టమన్న నాపరాయి ముక్క, చలవరాయి ముక్క తీసుకోండి. హార్డ్‌వేర్ షాపులో వాటర్ పేపర్ దొరుకుతుంది, 120, 220, 400, 800, 1500 నంబర్లు ఒక్కొక్కటి తెచ్చుకోండి. పళ్లెంలో నీళ్లు పోసి, తడి కాగితం మీద రాయిని ఒకే దిక్కుకు రుద్దండి. కాగితం మార్చినప్పుడల్లా రాయిని అడ్డం తిప్పి రుద్దండి, అప్పుడు పాత గీతలు ఎక్కడ మిగిలాయో కనబడుతుంది. అవి పూర్తిగా పోయేదాకా తర్వాతి నంబరుకు వెళ్లొద్దు. ఒక సాయంత్రం పడుతుంది. అయ్యాక ఫోటో పంపండి, తుడిచి, పూర్తిగా ఆరాక తీసిన ఫోటో.

మీ
అమ్మమ్మ