నెట్ సెంటర్ తరం, 2007 నాటి ఆట

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ముప్పై దాటిన ఉద్యోగుల్లో కొందరి ఫోన్లలో ఈమధ్య ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఒక పాత ఆట మళ్లీ కనిపిస్తోంది. బొమ్మలు మొరటుగా ఉంటాయి. చెట్టు నరకాలి, చేపలు పట్టాలి, నిప్పు రాజేసి కాల్చాలి. చేయి తిరిగేదాకా కాల్చినవాటిలో చాలావరకు మాడిపోతాయి. ఒక్కో విద్యలో 99వ మెట్టు ఎక్కాలంటే 1,30,34,431 అనుభవ పాయింట్లు కావాలి. 92వ మెట్టుకు చేరేసరికి అయ్యేది అందులో సగమే. ఇరవై ఐదు నిమిషాల్లో గెలుపోటములు తేలిపోయే తుపాకుల ఆటలు అదే ఫోనులో ఉండగా దీన్ని పట్టుకుని కూర్చోవడం ఇంట్లోవాళ్లకు వింతగానే ఉంటుంది. దీని వెనుక పెద్ద కథ ఉంది.

పలువురు ఒకే లోకంలో తిరుగుతూ ఆడే ఆటకు మూలం 1978లో ఇంగ్లాండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో ఉంది. రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే విద్యార్థులు రాసిన మడ్ అనే ఆటలో బొమ్మలే లేవు, అంతా అక్షరాలే. బొమ్మలతో ఇలాంటి లోకాన్ని పెద్ద సంఖ్యలో జనానికి అలవాటు చేసింది 1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్. 1999 నాటి ఎవర్‌క్వెస్ట్ మరీ కఠినం. చచ్చిపోతే అప్పటిదాకా కూడబెట్టిన అనుభవంలో కొంత పోయేది. కత్తీ కవచాలూ శవంతోపాటు పడినచోటే ఉండిపోయేవి. వాటిని తెచ్చుకోవడానికి ఒట్టి చేతులతో మళ్లీ ఆ గుహలోకే వెళ్లాలి, అంటే తోడు రమ్మని ఎవరినో ఒకరిని బతిమాలుకోవాలి. ఈ తరహా ఆటల ఆయువుపట్టు ఈ బతిమాలడంలోనే ఉందని నా అభిప్రాయం.

రూన్‌స్కేప్ 2001 జనవరిలో ఇంగ్లాండులోనే పుట్టింది. అది బ్రౌజర్‌లోనే ఆడే ఆట కావడం మన ఊళ్లకు కలిసొచ్చింది. నెల్లూరు ట్రంకు రోడ్డులో, ఒంగోలు కర్నూలు రోడ్డులో నెట్ సెంటర్లు వెలిగిన రోజుల్లో చాలాచోట్ల కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే అంతకుముందు ఎక్కించినవన్నీ చెరిగిపోయేలా అమర్చి పెట్టేవారు. కొత్త ఆట ఎక్కించుకోవడం కుదరదు. ఉన్నదల్లా కౌంటర్ స్ట్రైక్, వైస్ సిటీ. రూన్‌స్కేప్‌కు ఆ ఇబ్బంది లేదు. మన మనిషి, వాడి సంచిలోని సరుకు అంతా ఎక్కడో సర్వర్లో భద్రంగా ఉంటుంది. హాస్టల్ నుంచి ఆదివారం ఔటింగ్‌కు వచ్చిన ఇంటర్ కుర్రవాడు గంటకు డబ్బు కట్టి ఏ సీటులో కూర్చున్నా, పోయిన వారం ఆపినచోటి నుంచే మొదలుపెట్టేవాడు. పక్క క్యాబిన్‌లో ఎవరో ఎంసెట్ హాల్‌టికెట్ ప్రింటు తీయించుకుంటూ ఉండేవారు.

పూర్తి ఆట కావాలంటే మొదట్లో నెలకు 5 డాలర్ల చందా. కార్డు ఉన్న తండ్రులు తక్కువ, ఉన్నా ఇచ్చేవాళ్లు అంతకంటే తక్కువ. అందుకే మనవాళ్లలో ఎక్కువమంది చూసింది ఉచితంగా దొరికిన ముక్కనే. 2007 నవంబరు వరకు ఆ లోకంలో పద్ధతైన సంత కూడా లేదు. బ్యాంకు ముందు నిలబడి ధర టైపు చేస్తూ అరవాల్సిందే, తెల్లవారుజామున ఒడ్డున సాగే చేపల వేలంలాగ. ‘నీ కవచానికి ఉచితంగా బంగారు అంచు వేసిస్తా, ఒకసారి ఇవ్వు’ అన్నవాడిని నమ్మి అన్నీ పోగొట్టుకోవడం ఆ ఆటలో పేరుమోసిన మోసం.

ఇంట్లో కనెక్షన్ ఉన్నవాళ్లది మరో తంటా. బీఎస్‌ఎన్‌ఎల్ వారి ఒక ప్లానులో రాత్రి 2 నుంచి ఉదయం 8 వరకు వాడిన డేటా లెక్కలోకి వచ్చేది కాదు. 2 గంటలకు అలారం పెట్టుకుని లేచేవాళ్లకు చదువు ఒక సాకు. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఇదే తరహా ఆటకు భారత్‌లో అధికారిక సర్వర్ లేదు. దానిపై మోజుపడినవాళ్లు అనుమతి లేని ప్రైవేటు సర్వర్లనే ఆశ్రయించారు. 2011లో కేంద్రం తెచ్చిన నిబంధనలు నెట్ సెంటర్‌కు వచ్చేవారి గుర్తింపు కార్డు చూడాలన్నాయి, రిజిస్టరు రాయాలన్నాయి, క్యాబిన్ అడ్డుగోడ నాలుగున్నర అడుగులు దాటకూడదన్నాయి. 2016లో జియో వచ్చాక ఆ సెంటర్లు చాలావరకు జిరాక్సు షాపులయ్యాయి.

ఈలోగా ఆటలూ మారిపోయాయి. వార్‌క్రాఫ్ట్‌లో గుహలోకి వెళ్లాలంటే ఐదుగురు కావాలి. ఊళ్లో నిలబడి ‘వైద్యం చేసేవాడు కావాలి’ అని టైపు చేయాలి, దొరికాక అందరూ నడిచి గుహ దాకా పోవాలి. దారిలో మాటలు కలిసేవి. పనిమంతుడెవరో, మధ్యలో జారుకునేవాడెవరో సర్వరంతా తెలిసిపోయేది. 2009 డిసెంబరులో వచ్చిన డంజన్ ఫైండర్ ఈ పనంతా ఒక మీటకు కుదించింది. నొక్కితే వేరే సర్వర్ల నుంచి కూడా నలుగురు వచ్చి చేరతారు, పని ముగించుకుని పలకరింపు లేకుండానే పోతారు. సమయం మిగిలింది, నిజమే. ఎవరితోనూ అవసరం లేకుండానూ పోయింది.

రూన్‌స్కేప్ తయారీ సంస్థ జాగెక్స్ 2012 నవంబరులో పోరాట పద్ధతినే మార్చేసింది. పాతకాపులు గుంపులుగా వెళ్లిపోయారు. సంస్థ దగ్గర 2007 ఆగస్టు నాటి ఆట నకలు ఒకటి భద్రంగా ఉంది. దాన్ని తెరవాలా అని ఓటింగ్ పెడితే 4 లక్షల 49 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. 2013 ఫిబ్రవరి 22న ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ పేరుతో తెరిచారు. అప్పటి నుంచి కొత్తగా ఏది చేర్చాలన్నా ఆటగాళ్ల ఓటు కావాలి. మొదట 75 శాతం ఒప్పుకోవాలనేవారు, ఇప్పుడు 70 చాలు. ఈ పాత ఆటకే ఇవాళ కొత్తదానికంటే ఎక్కువ జనం ఉన్నారు.

వార్‌క్రాఫ్ట్ సంస్థ బ్లిజార్డ్ అంత తేలిగ్గా దిగిరాలేదు. పాత రూపాన్ని మళ్లీ ఇమ్మని 2013లో అడిగితే, మీకు కావాలనిపిస్తోంది గానీ నిజానికి వద్దు అన్న అర్థంలో ఆ ఆట తయారీ బాధ్యతలు చూసే జె. అలెన్ బ్రాక్ జవాబిచ్చారు. ఆ పాత రూపాన్నే ఉచితంగా నడిపిన నోస్టాల్రియస్ అనే ప్రైవేటు సర్వర్‌ను 2016 ఏప్రిల్‌లో లాయరు నోటీసుతో మూయించారు. అప్పటికి అందులో 8 లక్షల ఖాతాలు ఉన్నాయని నిర్వాహకుల లెక్క. చివరికి 2017లో వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ వస్తోందని వేదిక మీద ప్రకటించిందీ బ్రాకే. అది 2019 ఆగస్టులో తెరుచుకుంది.

మన దగ్గర ఈ తిరుగుప్రయాణానికి ఊతమిచ్చింది ఫోనే. 2018 అక్టోబరులో ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ మొబైల్‌లోకి వచ్చింది. 2020 సెప్టెంబరు 2న పబ్‌జీ నిషేధం, 2022లో ఫ్రీ ఫైర్, ఆపై పబ్‌జీకి భారత రూపమైన బీజీఎంఐ కనుమరుగవడం, 2023లో అది తిరిగి రావడం... ఏళ్ల తరబడి పెంచుకున్న ఖాతా రాత్రికి రాత్రి అందకుండా పోవచ్చని ఆడేవాళ్లకు తెలిసొచ్చింది. పబ్‌జీ నిషేధం వచ్చిన వారంలోనే ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌ల నిషేధానికి నిర్ణయించింది. దాంతో పెద్దల దృష్టిలో ‘ఆన్‌లైన్ గేమ్’ అంటే పేకాటే అయిపోయింది. ఇది అన్యాయం. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం పందెం ఆటలను వేరుగా పెట్టి, చందా కట్టి ఆడే వినోదపు ఆటలను అనుమతించింది. ఆ తేడా ఇంకా ఇళ్లలోకి దిగలేదు.

అప్పట్లో ఉచిత ముక్కతో సరిపెట్టుకున్నవాడు ఇప్పుడు జీతంలోంచి చందా కట్టి మిగతా లోకం చూస్తున్నాడు. పాతది అంటున్నాం గానీ, అందులో సగానికి పైగా వాడికి కొత్తదే. విదేశాల్లో అసలు వార్‌క్రాఫ్ట్‌ను మొదటి రోజుల్లోనే ఆడినవాళ్లకు ఆ సుఖం లేదు. రాగ్నరోస్ అనే రాక్షసుణ్ణి మొదటిసారి పడగొట్టడానికి అప్పట్లో నెలలు పట్టింది. 2019లో అన్ని కిటుకులూ తెలిసి వచ్చినవాళ్లు వారం తిరగకుండానే చంపేశారు. అందుకే బ్లిజార్డ్ 2023లో ఒక్కసారి చస్తే అంతే సంగతులు అనే హార్డ్‌కోర్ సర్వర్లు తెరిచింది. అదే ఏడాది నవంబరులో పాత లోకంలోనే కొత్త రహస్యాలు దాచిపెట్టి సీజన్ ఆఫ్ డిస్కవరీ అనే మరో రకాన్ని విడుదల చేసింది.