ఆవిరిని మళ్లీ నీరు ఎందుకు చేస్తారు?

నెల్లూరు జిల్లా కృష్ణపట్నం దగ్గర, ముత్తుకూరు మండలం నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. దూరానికి పొగగొట్టమే కనిపిస్తుంది కాబట్టి అందరి ధ్యాసా మంట మీదే ఉంటుంది. బొగ్గును పిండి చేసి మండిస్తారు, ఆవిరి పుడుతుంది, అది టర్బైన్‌ను నిమిషానికి 3000 చుట్లు తిప్పుతుంది, అదే ఇరుసు మీదున్న జనరేటర్‌లో కరెంటు పుడుతుంది. ఇంతవరకూ చాలామందికి తెలుసు. టర్బైన్ కిందుండి, ఆవిరిని చల్లార్చి నీరు చేసే కండెన్సర్ సంగతే ఎవరూ అడగరు.

ఈ తరహా యూనిట్లలో ఆవిరి 240 బార్ల (బయటి గాలి ఒత్తిడికి దాదాపు 240 రెట్ల) ఒత్తిడితో, 560 డిగ్రీలకు పైబడిన వేడితో టర్బైన్‌లోకి వెళ్లి, పని ముగించి 45 డిగ్రీల దగ్గర బయటపడుతుంది. దాన్ని తిరిగి బాయిలర్‌కే పంపాలి. ఆవిరిగానే నొక్కి పంపాలంటే టర్బైన్ సంపాదించినదంతా ఆ నొక్కుడుకే సరి! నీరు చేస్తే అందులో నూటికి మూడు నాలుగు పాళ్ల శక్తితో పంపు ఆ పని చేసేస్తుంది.

ఇంకో లాభమూ ఉంది. 0.1 బార్ దగ్గర కిలో ఆవిరి 14 ఘనపు మీటర్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. నీరయితే ఒక్క లీటరు. ఆ ముడుచుకోవడంతో ఏర్పడే వాక్యూమే (దాదాపు శూన్యమే) టర్బైన్‌లోని ఆవిరిని చివరిదాకా లాగి పని చేయిస్తుంది. బదులుగా బొగ్గు వేడిలో దాదాపు సగం కండెన్సర్ గొట్టాల్లో పారే చల్లటి నీటికి పోతుంది. ఆ నీరు 10 డిగ్రీలు వేడెక్కేలా లెక్కేస్తే ఒక్క యూనిట్‌కు సెకనుకు 20 టన్నులకు పైగా కావాలి. అందుకే కృష్ణపట్నం లాంటి సముద్రతీరం అనువు. వేసవిలో ఆ నీరు వేడిగా వస్తే వాక్యూమ్ తగ్గుతుంది, అదే కరెంటుకు బొగ్గు ఎక్కువ కాలుతుంది.

సందులు మూసే సీళ్లలోంచి కండెన్సర్‌లోకి గాలి చొరబడినా అంతే. గాలి గొట్టాల చుట్టూ దుప్పటిలా కమ్ముకుని వేడిని దాటనివ్వదు. వాక్యూమ్ మరీ పడిపోతే టర్బైన్ ట్రిప్పవుతుంది, అంటే దానంతటదే ఆగిపోతుంది.

అసలు భయం సముద్రపు ఉప్పునీరు పారే గొట్టం చిల్లుపడటం. ఉప్పునీటికి తుప్పు పట్టని టైటానియం గొట్టాలు వాడేది అందుకే. గొట్టం బయట వాక్యూమ్ కాబట్టి ఉప్పునీరు నేరుగా బాయిలర్ నీటిలో కలుస్తుంది, ఆ ఉప్పు బాయిలర్‌నూ టర్బైన్‌నూ పాడుచేస్తుంది. మన రొయ్యల రైతులు సాలినిటీని (నీటి ఉప్పదనాన్ని) పీపీటీల్లో, అంటే వెయ్యిలో ఎన్ని వంతులో చూస్తారు. ఇక్కడ లెక్క పీపీబీల్లో, అంటే వంద కోట్లలో ఎన్ని వంతులో, పది లక్షల రెట్లు సూక్ష్మంగా. ఇంత ఒత్తిడితో నడిచే ఈ సూపర్‌క్రిటికల్ బాయిలర్‌కు నీటినీ ఆవిరినీ వేరుచేసే డ్రమ్ము ఉండదు, కాబట్టి ఉప్పును బ్లోడౌన్‌తో (కొంత నీటిని బయటికి వదలడంతో) వదిలేసే దారీ లేదు. నీటిలో ఉప్పు పెరిగితే చూపే కండక్టివిటీ మీటర్ కదిలిన వెంటనే లోడ్ తగ్గించి, కండెన్సర్‌లో ఒక సగానికి నీళ్లు ఆపి, చిల్లుపడ్డ గొట్టాన్ని వెతికి రెండు చివరలా బిరడా కొడతారు.