ట్రాక్టర్ నోటుకి లక్షలొస్తాయా? పాత నాణేల కొట్టు నుంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

బెజవాడ వన్‌టౌన్‌లో పాత నాణేల కొట్టు నాది. పొద్దున షట్టర్ ఎత్తకముందే ఫోన్ మోగుతుంది. "అన్నా, ట్రాక్టర్ బొమ్మ ఉన్న అయిదు రూపాయల నోటుంది, ఎంతిస్తారు?" "అయిదు రూపాయలిస్తా తమ్ముడూ" అంటే కోపం. లక్షలొస్తాయని వీడియోలో చెప్పారట.

అపోహ: ట్రాక్టర్ నోటు, వైష్ణోదేవి నాణెం, 786 నంబరు నోటు ఉంటే లక్షాధికారే.

ట్రాక్టర్ నోట్లు లెక్కలేనన్ని అచ్చయ్యాయి, ఇప్పటికీ చెల్లుతాయి. వైష్ణోదేవి బొమ్మతో 5, 10 రూపాయల నాణేలు 2012లో మామూలు చలామణి కోసమే వచ్చాయి. 786 నోటుకి ముచ్చటపడినవాళ్లు కాస్త ఎక్కువిస్తారేమో, అంతే.

ఈ లక్షల కబుర్ల వెనక జరిగే పని వేరు. కిందటేడు గుంటూరు నుంచి ఒక పెద్దాయన సంచీ పట్టుకుని వచ్చారు. ఆయన నాణేలు పది లక్షలకు కొంటామని ఎవరో ఫోన్ చేసి, ముందు రిజిస్ట్రేషన్ ఫీజన్నారు, తర్వాత జీఎస్టీ అన్నారు, ఆపైన రిజర్వ్ బ్యాంకు పర్మిషన్ అన్నారు. మూడుసార్లూ ఆయనే కట్టారు. "కొనేవాడు మనకివ్వాలి గానీ మన దగ్గర పుచ్చుకోవడమేంటండీ?" అన్నాను. ఆయన మాట్లాడకుండా సంచీ ముడి వేసుకున్నారు. ఇలాంటి లావాదేవీలతో తనకు సంబంధం లేదని, ఫీజులు వసూలు చేయడానికి ఎవరికీ అధికారం ఇవ్వలేదని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది.

అపోహ: ఎంత పాతదైతే అంత ఖరీదు.

శాతవాహనుల సీసపు కాసులకు పద్దెనిమిది వందల ఏళ్ల పైమాటే. అయినా అరిగిపోయి, అక్షరం కనపడనివి కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి. అదే యజ్ఞశ్రీ శాతకర్ణి ఓడ బొమ్మ నాణెం, తెరచాప కొయ్యలు రెండూ తేటగా కనపడేది వస్తే బేరం వేరుగా ఉంటుంది. ధర తెచ్చేది వయసొక్కటే కాదు. ఎన్ని మిగిలాయి, ఎంత బాగున్నాయి, ఎందరికి కావాలి అన్నవీ చూడాలి.

దీనికి నేను చూపించే నాణెం 1911 నాటి అయిదో జార్జి వెండి రూపాయి. భూతద్దం కింద పెట్టి, రాజు అంగీ మీద గొలుసుకున్న చిన్న ఏనుగుని చూడమంటాను. తొండం పొట్టిగా ఉండి అది అచ్చం పందిలా కనపడుతుంది. ముస్లింలు అభ్యంతరం చెప్పడంతో పంపిణీ ఆపేసి, బయటికి వెళ్లనివాటిని కరిగించేశారు. 1912 నుంచి ఏనుగు ఏనుగులా ఉంటుంది. వెండి అదే, బరువు అదే, రాజూ ఆయనే. తేడా ఒక్క ఏడాదే అయినా 1911ది ఎక్కువ పలుకుతుంది.

అపోహ: తోమి మెరిపించి తెస్తే రేటు పెరుగుతుంది.

నాకు ఏడుపొచ్చేది ఇక్కడే. మంగళగిరి కుర్రాడొకడు 1794 నాటి ఈస్టిండియా కంపెనీ రాగి నాణెం తెచ్చాడు. మన ఉత్తర సర్కారుల కోసం, అంటే అప్పటి కోస్తా జిల్లాల కోసం, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో అచ్చొత్తించి, ఓడల్లో పంపించిన రకం. ఇలాంటివి 48 ఇస్తే ఒక రూపాయి అని దానిమీదే ఇంగ్లీషులో ఉంటుంది. చేతిలోకి తీసుకోగానే చింతపండు వాసన! వాళ్లమ్మగారు బిందెతో పాటు దాన్నీ ఉప్పూ చింతపండూ వేసి తోమేశారు. కొత్త రాగి చెంబులా గులాబీ రంగులో మెరుస్తోంది. ముద్ర చుట్టూ అక్షరాల అంచులు మొద్దుబారాయి, పీచు గీతలు అడ్డంగా పడ్డాయి. రెండు వందల ఏళ్లుగా పట్టిన ముదురు రంగే దానికి కవచం, అదే సాక్ష్యం. మళ్లీ రమ్మంటే రాదు. సగం ధర కూడా చెప్పలేకపోయాను.

మట్టి ఉంటే మంచినీళ్లలో నానబెట్టి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టండి. రుద్దొద్దు. పచ్చగా పొడి రాలే చిలుముంటే తెలిసినవాళ్లకి చూపించండి.

అపోహ: రామ పట్టాభిషేకం ఉన్న ఈస్టిండియా కంపెనీ నాణెం మహిమ గలది.

కంపెనీ అలాంటిది ఎప్పుడూ వేయలేదు. దేవుడి దగ్గర పెట్టుకునే రామటంకాలు వేరు, అవి చెల్లుబాటు డబ్బు కాదు. ఇక బియ్యపు గింజల్ని లాగుతుందని చెప్పే "రైస్ పుల్లర్" నాణెమైతే శుద్ధ మోసం. గింజలకు ఇనప రజను పట్టిస్తారు, లోపల అయస్కాంతం పెడతారు.

అపోహ: నా పొలంలో దొరికిన లంకెబిందె నాదే.

1878 నాటి నిక్షేపాల చట్టం ఇంకా ఉంది. నేలలో పాతిపెట్టిన సొత్తు, పది రూపాయలకు మించిన విలువది దొరికితే కలెక్టరుకు తెలపాలి. అవును, పది రూపాయలే!

అపోహ: డబ్బు అంటే మొదట్నుంచీ ధనమే.

కాదండీ. డబ్బు అన్నది ఒక చిన్న రాగి నాణెం పేరు. అది పోయింది, పేరు మాత్రం మొత్తం ధనానికి వచ్చింది. రూపాయికి పదహారణాల లెక్క 1957 ఏప్రిల్ 1న పోయినా, నాలుగణాల పావలా మాత్రం 25 పైసలకి పేరుగా మిగిలింది. 2011 జూన్ 30తో ఆ నాణేనికీ చెల్లుబాటు పోయింది. యాభై పైసలు మాత్రం చట్టప్రకారం ఇంకా చెల్లుతుంది, తీసుకునేవాడు కనపడాలి గానీ. చిల్లికాణీ కూడా ఉత్త సామెత కాదు. యుద్ధకాలంలో లోహం కరువై 1943 నుంచి నడిమధ్య పెద్ద చిల్లుతో కాణీలు వేశారు. నా కౌంటర్ మేకుకి దారం గుచ్చిన నాలుగు వేలాడుతుంటాయి.

అపోహ: పది రూపాయల నాణెం చెల్లదు.

అప్పటికి వచ్చిన పద్నాలుగు రకాల డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పింది. రూపాయి గుర్తు లేనిదీ చెల్లుతుంది. ఈ మాట మా కొట్టు ఎదురుగా ఉన్న టీ బండి అతనికి రెండుసార్లు చెప్పాను. "నాకు తెలుసు సార్, పాలవాడు తీసుకోడే" అన్నాడు.