కార్బన్ నానో కణాలు: పని అయ్యాక ఒంట్లోంచి ఎటు పోతాయి?

పిన్నికి పెట్ స్కాన్ ఉందని పొద్దున్నే తీసుకెళ్లాను. వెయిటింగ్ హాల్లో పక్కన కూర్చున్న గాజువాక పెద్దాయన ఫోన్‌లో ఒక వీడియో చూపించి, "బాబూ, కరివేపాకుతో కార్బన్ చుక్కలు చేస్తారట, కణితి ఎక్కడుందో వెలిగి చూపిస్తాయట, మందు కూడా అక్కడికే మోసుకుపోతాయట, మరి మనకెందుకు ఇవ్వట్లేదు?" అని అడిగారు. వాళ్లావిడకి అప్పటికే నాలుగు కీమోలు అయ్యాయి. నేను కెమిస్ట్రీ చదివినవాణ్ణే, అయినా రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను.

వీడియోలో చూపించింది అబద్ధం కాదు. వైజాగ్‌లోనే ఒక కాలేజీ ల్యాబ్‌లో నేను చూశాను. కరివేపాకు కడిగి, నీళ్లతో నూరి, టెఫ్లాన్ గిన్నెలో పోసి, దాన్ని ఆటోక్లేవ్ అనే గట్టి మూత ఉన్న స్టీలు పాత్రలో బిగించి 180 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఓవెన్‌లో ఉంచుతారు. బయటికొచ్చేది డికాషన్ రంగు నీళ్లు, వాటిలో ఉండే కంటికి కనబడనంత చిన్న కార్బన్ కణాలే ఈ కార్బన్ చుక్కలు. వడగట్టి, లైట్లు ఆర్పి, యూవీ టార్చ్ వేస్తే సీసా మొత్తం నీలంగా వెలుగుతుంది. ఎంత బాగుంటుందో! కానీ అంత వేడి తిన్నాక అది ఇంక ఆకు కాదు, కొత్త పదార్థం. ఆకు మారినా, వేడి మారినా, టైమ్ మారినా కణాల సైజు, పైపొర మారిపోతాయి. ఆకు నుంచి వచ్చింది కాబట్టి సేఫ్ అనే మాట వింటేనే నాకు భయం.

కార్బన్ నానో కణాల కుటుంబంలో మొదట దొరికింది ఫుల్లరీన్, 1985లో. 60 కార్బన్ పరమాణువులు ఫుట్‌బాల్ ఆకారంలో అల్లుకుని ఉంటాయి. దాన్ని కనిపెట్టిన క్రోటో, కర్ల్, స్మాలీలకు 1996లో నోబెల్ వచ్చింది. 1991లో జపాన్‌కి చెందిన ఇజిమా కార్బన్ నానోట్యూబులను చూపించారు, చాప చుట్టినట్టుండే అతి సన్నటి గొట్టాలు. 2004లో గ్రాఫీన్, ఒక్క పరమాణువు మందం ఉన్న కార్బన్ పొర. అదే ఏడాది అమెరికాలో నానోట్యూబుల మసిని శుద్ధి చేస్తుంటే అనుకోకుండా వెలిగే ముక్కలు బయటపడ్డాయి, అవే కార్బన్ చుక్కలు. ఈ కార్బన్ కణాల మీద మందు ఎక్కువ పడుతుంది, కొన్ని నానోట్యూబులైతే కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిలో కూడా వెలుగుతాయి. 2008కల్లా స్టాన్‌ఫర్డ్‌లో హాంగ్జీ దాయ్ బృందం నానోట్యూబుల మీద పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కించి ఎలుకల్లో కణితి పెరుగుదల తగ్గించి చూపించింది.

అదే 2008లో ఇంకో పేపర్ వచ్చింది, అసలు టెన్షన్ అక్కడ మొదలైంది. పొడవాటి మల్టీవాల్ (ఒకదానిలో ఒకటి చాలా గొట్టాలున్న) నానోట్యూబులను ఎలుకల కడుపు కుహరంలోకి ఎక్కిస్తే అక్కడి లోపలి పొర ఆస్‌బెస్టాస్‌కి స్పందించినట్టే వాచింది. మన సిమెంట్ రేకుల్లో వాడే ఆస్‌బెస్టాసే. ఒంట్లో చెత్తని మింగి శుభ్రం చేసే మాక్రోఫేజ్ కణాలకి పొడవాటి నార పూర్తిగా మింగుడు పడదు, సగం మింగి ఆగిపోతాయి, అక్కడ వాపు ఏళ్ల తరబడి ఆరదు. పొట్టివాటితో, చిక్కుపడి ఉండలు కట్టినవాటితో అలా జరగలేదు. 2014లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎండబ్ల్యూసీఎన్‌టీ-7 అనే ఒక్క రకం మల్టీవాల్ నానోట్యూబులను "క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నది" అనే 2బి గ్రూపులో పెట్టింది. మిగతా నానోట్యూబుల గురించి తేల్చడానికి ఆధారాలు చాలవంది, అంటే అవి సేఫ్ అని సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు. మధ్యలో ఒక మంచి కబురు కూడా ఉంది: మన తెల్ల రక్తకణాల్లోని మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ సింగిల్‌వాల్ (ఒకే గోడ ఉన్న) నానోట్యూబులను అరగదీయగలదని 2010లో తేలింది.

నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసేది మాత్రం 2016లో వచ్చిన లెక్క. అంతకుముందు పదేళ్లలో జంతువుల మీద జరిగిన నానో కణాల ప్రయోగాలన్నీ కలిపి చూస్తే, ఎక్కించిన డోసులో కణితికి చేరింది మధ్యస్థంగా 0.7 శాతమే. మిగతాదాంట్లో పెద్ద వాటా లివర్‌లో, ప్లీహంలో ఆగుతుంది. దాదాపు 5.5 నానోమీటర్ల (నానోమీటర్ అంటే మిల్లీమీటర్‌లో పది లక్షల వంతు) లోపు కణాలైతే కిడ్నీల ద్వారా మూత్రంలో పోతాయి, అంతకంటే పెద్దవి అంత తేలిగ్గా కదలవు. పాత అనుభవం ఒకటుంది: 1930ల నుంచి 1950ల దాకా ఎక్స్‌రేలో రక్తనాళాలు బాగా కనబడాలని థోరోట్రాస్ట్ అనే థోరియం ద్రవం ఎక్కించేవారు. ఫొటోలు అద్భుతంగా వచ్చేవి, పేషెంట్లకి అప్పటికప్పుడు ఏమీ అయ్యేది కాదు. అది లివర్‌లోనే ఉండిపోయి, 20, 30 ఏళ్ల తర్వాత క్యాన్సర్లు బయటపడ్డాయి. అక్కడ రేడియేషన్ ఉంది, కార్బన్‌లో అది లేదు, నిజమే. కానీ కొన్ని వారాలు ఎలుకల్ని గమనించి "విషం లేదు" అని రాసే పేపర్ చదివినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

మనుషుల్లో కార్బన్ అసలు వాడట్లేదా అంటే, వాడుతున్నారు. చైనాలో థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్లలో సుమారు 150 నానోమీటర్ల కార్బన్ కణాల ద్రవాన్ని గ్రంథిలోకే ఎక్కిస్తారు. లింఫ్ గడ్డలు నల్లబడతాయి, థైరాయిడ్ పక్కనే ఉండే చిన్న గ్రంథి పారాథైరాయిడ్ నల్లబడదు, సర్జన్ దాన్ని గుర్తుపట్టి కాపాడగలుగుతాడు. ఇక్కడ కార్బన్ రక్తంలో తిరగాల్సిన పని లేదు, నల్లబడ్డ గడ్డల్లో చాలావరకు కోసి తీసేస్తారు కూడా. మన దేశంలో నానో మందుల పరీక్షకి 2019లో ప్రత్యేక మార్గదర్శకాలు వచ్చాయి. వాటి ప్రకారం ఆ మందు ఒంట్లో ఎక్కడ చేరుతుంది, ఎలా బయటికి పోతుంది అన్నవి చూపించాలి.

పెద్దాయనకి ఇదంతా చెప్పలేదు. "వెలగడం నిజమేనండీ, తర్వాత అది ఒంట్లోంచి పోతుందా లేదా అన్నది ఇంకా చూస్తున్నారు, ఆ ఆకు కషాయాల జోలికి మాత్రం వెళ్లకండి, ఆవిడ కీమో ఆపకండి" అన్నాను. ఆయన తలూపి ఫోన్ జేబులో పెట్టుకున్నారు. ఈలోగా పిన్నిని పిలిచారు. ఆవిడకి స్కాన్ కోసం ఇచ్చిన ఇంజెక్షన్‌లో రేడియేషన్ వెదజల్లే ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకి సగం అయిపోతుంది. నీళ్లు బాగా తాగమన్నారు, ఆ పూటకి మనవడిని ఎత్తుకోవద్దన్నారు.